"చాలా వెచ్చగా ఉందమ్మా"

గోయా,
19 జూలై 1982

చిరంజీవి నెలీదాకు అమ్మ ఆశీస్సులు. మేమంతా క్షేమమని రాయకపోతే నువ్వు కంగారు పడతావు కాబట్టి, క్షేమమే అనుకో.

తమ్ముడు ఏమైనా మాట్లాడుతున్నాడా అని అడిగావు. మాల్వినాస్ దీవుల యుద్ధం నుంచి ఎవరిని పంపించారో గానీ, వీడు మన పిల్లాడు ఎవరిస్తోయేనా అని నాకు అనుమానం. పొద్దున్నే మాతే టీ కాచి చేతికిస్తే, ఒక్కసారి తాగి "థాంక్స్ అమ్మా" అంటాడు. థాంక్స్ అన్నాడంటే ఇక పొయ్యొద్దనే కదా! ఒకప్పుడు కెటిల్ ఖాళీ అయితే గానీ లేచేవాడా?

మీ ఫ్యాక్టరీలో వాడికి పని చూస్తానన్నావు. ఇప్పుడే వద్దు తల్లీ. కళ్ళెదుట ఉండగానే ఇన్ని దాస్తున్నాడు. మొన్న, కొడుకు యుద్ధం నుంచి తిరిగిరాని పక్కింటి ఒబ్దూలియా వచ్చి, "ఏరా, మా అబ్బాయి బెనీతో చివరిదాకా నీ పక్కనే ఉన్నాడటగా?" అంటే పెరటి గుమ్మంలోంచి జారుకున్నాడు. "నీ కొడుకు ఏదో దాస్తున్నాడమ్మోయ్" అందావిడ. ఒళ్ళు మండిపోయింది గానీ, నా మనసులోనూ అదే ఉంది.

నీకు చెప్పని సంగతొకటి ఉంది. మేలో వాడికి పంపిన స్వెటరు, జామపండు మిఠాయి జూన్‌లో విప్పకుండానే తిరిగొచ్చాయి. పార్సిల్ మంచం కింద దాచాను. వాడు రాగానే ఏమీ ఎరగనట్టు, "స్వెటరు అందిందా నాన్నా?" అన్నాను.

"అందిందమ్మా. చాలా వెచ్చగా ఉంది" అన్నాడు, కన్నార్పకుండా!

ఆ రోజు నుంచి వాడి ఏ మాటా నమ్మబుద్ధి కాలేదు. నిన్న మధ్యాహ్నం ఇక ఆగలేక పార్సిల్ తెచ్చి వాడి ముందు పడేశాను.

"కన్నతల్లితోనే అబద్ధమా? ఇంకా ఎన్ని చెప్పావురా?"



"అడిగినప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదమ్మా. అందలేదంటే అక్కడే కూలబడిపోయేదానివి." కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "సరే, ఇప్పుడడుగు. పక్కింటి బెనీతో ఏమయ్యాడో అదే అడుగు. ఏదడిగినా నిజమే చెప్తా."

మూడు వారాలుగా వాణ్ణి దొంగను చూసినట్టు చూసినదాన్ని, తీరా వాడు అడగమనేసరికి, నెలీదా, "పొయ్యి మీద పాలున్నాయి" అని లేచొచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ సంగతి వాడికీ తెలుసు.

సెలవు దొరికిన రోజే బస్సెక్కు. వాణ్ణి నువ్వు అడుగు, నేను పక్కన కూర్చుంటాను. మధ్యలో లేచిపోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు.

ఇట్లు,
ధైర్యం చాలని మీ అమ్మ,
ఎర్మెలిందా