వంకర సంతకం

క్లేటన్, మెల్‌బోర్న్
ఆదివారం, 17 ఆగస్టు 2025

ప్రొఫెసర్ చలపతికి,

సీతారావమ్మ రాయించేది. నీకంటే పెద్దదాన్ని కాబట్టి ముందు దీవించాలి. నువ్వూ, నీ భార్యా, పిల్లలూ, మీ అమ్మగారూ ఆ సియాటిల్‌లో చల్లగా ఉండాలి. ఈ మాట పళ్ళు బిగబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న వరంగల్ పిల్ల స్పందన రాస్తోంది. నాకు చదువు రాదని నీకు తెలుసు. తెలిసే కదా ఇంత పని చేశావు. ఆ పిల్ల అప్పుడే పెన్ను ఆపి, గింత కోపమెందుకు అమ్మమ్మా, పెద్ద సారు గదా, జర మెల్లగ చెప్పొచ్చు గదా అంటోంది. మెల్లగా చెప్పే వయసు దాటిపోయింది, నువ్వు రాయవే అన్నాను.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. లిఖిత బాగానే ఉంది, అన్నమే సరిగ్గా తినడం లేదు. నువ్వు మా ఇంటికొచ్చిన రోజు వండిన గోంగూర, ఎండాకాలంలో కోసి ఫ్రీజర్‌లో దాచుకున్న ఆఖరి ముద్ద. నువ్వు వెళ్ళాక నీ ప్లేటు తోమి, మనసొప్పక మళ్ళీ తోమాను. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదువు.

మొదటినుంచీ చెప్పుకొస్తాను, నువ్వు మర్చిపోయినట్టున్నావు గనక. నా కూతురి కూతురు లిఖిత ఇక్కడి యూనిలో, అదే యూనివర్సిటీలో, అమెరికా ఎన్నికల మీద పరిశోధన చేస్తోంది. నువ్వు అక్కడ అదే పని చేస్తున్నావు. ఇద్దరూ కలిసి ఒక పుస్తకం మొదలుపెట్టారు. మీ రాష్ట్రంలో ఓటు కవర్లో పెట్టి ఇంటికే పంపిస్తారట. నింపి, పైన సంతకం పెట్టి, పెట్టెలో వేయాలి. ఆ సంతకం పాత సంతకంతో పోల్చి చూస్తారట. కలవకపోతే ఓటు పక్కన పెట్టి మనిషికి కబురు పంపుతారు. కబురుకి జవాబు రాకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు. అక్కడ కొడుకుల దగ్గరా కూతుళ్ళ దగ్గరా ఉంటున్న మన పెద్దవాళ్ళు ఆ కవరుతో ఏం చేస్తున్నారన్నదే మీ పుస్తకం.

లిఖిత ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. వీడియోలో ఆ ఆడవాళ్ళను అడిగితే, అంతా బాగుందమ్మా, మా ఓటు మేమే వేసుకుంటున్నాం అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవారు. ఒకరోజు నేను పిల్ల పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అవతలావిడ నన్ను చూసి, ఎవరమ్మా ఆవిడ, ఏ ఊరు వాళ్ళు, ఇవాళ ఏం కూర అని అడిగింది. కూర దగ్గర మొదలై కోడలి దగ్గరికీ, అక్కడినుంచి కొడుకు దగ్గరికీ, చివరికి కవరు దగ్గరికీ వచ్చింది మాట. ఆ తర్వాత యూనివాళ్ళ దగ్గర నాకూ అనుమతి తీసుకున్నారు. ప్రతి మనిషితో మాట మొదలుపెట్టేముందు నేను చెప్పాల్సిన వాక్యం లిఖిత నాకు నేర్పింది. మీ పేరు, మీ ఊరు ఎక్కడా రావు. వద్దనిపిస్తే పుస్తకం అచ్చయ్యేలోపు ఎప్పుడైనా చెప్పండి, తీసేస్తాం. ఇది యూని మాటే కావచ్చు, చెప్పిన నోరు నాది. వాళ్ళు నమ్మింది నా ముఖం చూసి. అది గుర్తుపెట్టుకో.

ఎవరికీ పేర్లు లేవు, నంబర్లే. పేర్లు తెలిసింది నాకూ లిఖితకే. అందులో ఏడో మనిషి చెప్పింది నీకు ఇంగ్లీషులో రాసి పంపారు. అది తెలుగులో ఎలా చెప్పిందో నేను చెబుతాను, విను.

మా అబ్బాయి చాలా చదువుకున్నాడండీ, కవరు రాగానే తనే నింపేసి, అమ్మా ఇక్కడ సంతకం పెట్టు అంటాడు అంది. ఎవరికి వేశావురా అంటే నీకు తెలీదులే అంటాడట. కొన్నిసార్లు పెట్టానంది. తర్వాత కావాలనే వంకరగా పెట్టడం మొదలుపెట్టిందట. అది లెక్కలోకి రాదని గుడిలో ఎవరో చెప్పుకుంటుంటే విందట. సంతకం కలవలేదని కబురొస్తే, మా ఇంట్లో పోస్టు తెచ్చేది నేనే కదండీ, చింపి చెత్తబుట్టలో పడేస్తానంది. నాది కాని మాట నా పేరుతో ఎందుకు పోవాలండీ అంది. ఇదంతా నవ్వుతూ చెప్పింది. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. పోయిన నెల నువ్వు ఇక్కడి యూనికి వచ్చి ఉపన్యాసం ఇచ్చావు. నేను పట్టుచీర కట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాను. మన పుస్తకం గురించే కదా అని సంబరపడ్డాను. నీ ఇంగ్లీషు నాకు తెలియదు, లిఖిత తన వచ్చీరాని తెలుగులో చెవిలో చెబుతోంది. ఏడో మనిషి దగ్గరికి వచ్చేసరికి తెర మీద ఊరి పేరు పెట్టావు. భర్త పోయిన డెబ్భై దాటిన మనిషని చెప్పావు, శనివారాలు గుడి వంటింట్లో పులిహోర కలుపుతుందని చెప్పావు. లిఖిత చెప్పడం మానేసింది. ఏమైందే అంటే, ఇవి రాయకూడదు అమ్మమ్మా, టేపు రాతలో ఉన్నవి పుస్తకంలోంచి నేను తీసేస్తే మళ్ళీ పెట్టాడు అంది.

అప్పుడు అందరూ నవ్వారు. నాకు ఇంగ్లీషు రాకపోయినా, ఒక మనిషితో కలిసి నవ్వే నవ్వుకీ ఒక మనిషిని చూసి నవ్వే నవ్వుకీ తేడా తెలుస్తుంది. ఏం చెప్పాడని అడిగితే లిఖిత చెప్పింది. పాపం ఆ ముసలావిడకి సంతకం కూడా సరిగ్గా చేతకాదు, తన ఓటు పోతోందని కూడా తెలియదు అని చెప్పావట. కావాలని పెట్టిందని లిఖిత స్పష్టంగా రాసింది. నువ్వు కొట్టేశావు. అడిగితే, ఆ వయసు ఆడవాళ్ళకి అంత ఆలోచన ఉండదు, ఎవరూ నమ్మరు అన్నావట. ఆమె తెలివిగా చేసిన పనిని చేతకానితనం చేసి పదిమందిని నవ్వించావు. ఛీ.

అయినా ఆ రాత్రి నీకు అన్నం పెట్టాను. పిలిచాను గనక పెట్టాను. నువ్వేం చేశావు? గోంగూర మారు వడ్డించుకుంటూ, పిన్నిగారూ, ఆ ఏడో నంబరు ఎవరో నాకు తెలిసిపోయింది, మా ఫ్రెండు జనార్దనరావు వాళ్ళమ్మే అయ్యుంటుంది, వాడు ఇంట్లో అందర్నీ అలాగే తొక్కి పెడతాడు అన్నావు. పేరు ఎవరూ వెతకకూడదన్న పుస్తకానికి పేరు వెతికి, పరాయివాళ్ళ పరువు నా కంచం ముందు పెట్టావు. అక్కడితో ఆగావా. అంత చదివి కన్నతల్లి ఓటు లాక్కునేవాడు మనిషా పిన్నిగారూ, నేనైతే సిగ్గుతో చచ్చిపోతాను అన్నావు. నేను మజ్జిగ పోశాను గానీ నోరు విప్పలేదు. నా నోరు ఎందుకు కట్టేసి ఉందో నీకు తర్వాత అర్థమవుతుంది.

లిఖిత తెగించి, ఊరి పేరు తీసేద్దాం సార్, ఆమె చెప్పింది చెప్పినట్టు పెడదాం అంది. ఇంకొకరి ఓటు నింపడం అక్కడ నేరం, ఎవరైనా పత్రికవాళ్ళు ఆ గుడి పట్టుకుని వెళితే ఆమె ఇంటి తలుపు దొరుకుతుంది అంది. నువ్వు చెయ్యి తుడుచుకుంటూ, వచ్చే నెలాఖరుకి పుస్తకం ప్రెస్‌కి వెళుతోంది, ఇప్పుడు కదపొద్దు, నీ ఉద్యోగానికి డిసెంబరులో నా సిఫారసు కావాలి కదమ్మా అన్నావు. మెత్తగా అన్నావు, బెల్లం పెడుతున్నట్టు. ఆ పిల్ల ముఖం చూశాను. ఇన్నేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు చలపతీ, ఎవరి మీదా ఇంత రోత పుట్టలేదు.

ఈ ఉత్తరం గురించి లిఖితకు తెలుసు. నిన్నంతా గదిలో కూర్చుని, ఇవాళ పొద్దున వచ్చి కాఫీ కలిపి నా ముందు పెట్టి, రాయించు అమ్మమ్మా, ఆ సిఫారసు నాకొద్దు, నేనూ రేపు యూనివాళ్ళకి అంతా చెప్పేస్తాను అంది. ఉద్యోగం పోతే ఏం చేస్తావే అంటే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా అంది. మేమిద్దరం నవ్వాం. తర్వాత అది ఏడ్చింది.

నేను అడిగేది ఇదీ. ఆ ఊరి పేరు, ఆ గుడి, ఆ పులిహోర పుస్తకంలోంచి తియ్యి. ఏడో మనిషి కావాలనే వంకరగా పెట్టిందని ఆమె చెప్పినట్టే రాయి. అది చేతకాకపోతే ఏడో మనిషిని మొత్తంగా తీసెయ్. ఉంటే మనిషిలా ఉండాలి, నీ ఉపన్యాసంలో నవ్వులాటగా కాదు. నెలాఖరులోపు చెయ్యి.

సంగతులు ఇంకా ఉన్నాయి. నీకు చెప్పబుద్ధి కావడం లేదు.

ఇచ్చిన మాట ఇంకా మోస్తున్న
సీతారావమ్మ
(బొటనవేలి ముద్ర)

తా.క.: స్పందన పెన్ను మూత పెట్టేసింది. మళ్ళీ తీయించాను. ఇది నీకు చెప్పడానికి ఇప్పుడు నాకు అనుమతి ఉంది.

నీ ఉపన్యాసం అయిన రెండోనాడు ఏడో మనిషికి ఫోన్ చేశాను. తప్పింది నా మాట గనక ముందు ఆమెకే చెప్పాలి. ఊరి పేరు పెట్టిన సంగతి చెప్పాను, నవ్విన సంగతీ చెప్పాను. అంతా వింది. తర్వాత, మీ ఇంట్లో సరిగ్గా తిన్నాడా అండీ అని అడిగింది. తిన్నాడు, గోంగూర మారు వేసుకున్నాడు అన్నాను. చిన్నప్పటినుంచీ వాడికంతే అంది.

ఏడో మనిషి మీ అమ్మ శ్యామసుందరి, చలపతీ.

గుడిలో అందరూ మీ పుస్తకానికి పేర్లు ఇస్తుంటే తనూ ఇచ్చింది. నా కొడుకు రాసే పుస్తకమే, వాడికి చెప్పనంటేనే మాట్లాడతానంది. వద్దమ్మా, బాగుండదు అని లిఖిత అన్నా, ఆమె పట్టుబట్టింది. చెప్పనని ఒట్టేశాను. నీకు టేపులు వినే తీరిక ఉండదని, రాసి పంపిందే చదువుతావని లిఖిత చెప్పింది. ఒక్క టేపు కాసేపు విన్నా గొంతు గుర్తుపట్టేవాడివని మీ అమ్మ అంటోంది. నాకా నమ్మకం లేదు. మీ ఇంట్లో పోస్టు ఎవరు తెస్తారో, శనివారం ఒంటికి పసుపు వాసనతో గుడినుంచి ఎవరు వస్తారో ఎదురుగా ఉంటే చూడని వాడివి.

వాడికి చెప్పెయ్యండి వదినగారూ అని మొన్న ఆమే ఫోన్ చేసింది. అక్టోబరులో కవరు వచ్చినప్పుడు విప్పకుండా బల్ల మీద పెట్టమని చెప్పమంది. తనే నింపుకుంటుందట. ఎవరికి వేసిందో అడగొద్దంది. ఈసారి సంతకం తిన్నగా పెడుతుందట.

ఇది నీ యూనికి కాకుండా ఇంటికి పంపిస్తున్నాను. నువ్వు చదవడం పూర్తయ్యేదాకా కదలనని ఆమె నాకు మాటిచ్చింది. తల ఎత్తి చూడు. నీకు ఈ ఉత్తరం తెచ్చి ఇచ్చిన మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉంది.