పులిహోర తిన్న సరస్సు

ఫిల్మ్ నగర్

వదినగారికి నమస్కారం. నా ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకండి. ఫోన్లో చెప్పే సంగతి కాదని ఈ కార్డు.

మీ చెల్లెలి సంవత్సరీకం అయ్యాక జపాన్ తీసుకెళ్తానంటోంది మా అమ్మాయి పూజిత. "వద్దమ్మా, మీ అమ్మా నేనూ పులిహోర తిన్న సరస్సు దగ్గరికే వెళ్దాం" అన్నాను. "ఎక్కడుంది నాన్నా అది?" అంది.

ముప్పై ఏళ్ళు సినిమా పాటలకు లొకేషన్లు వెతికినవాణ్ణి. ఒకసారి తెర మీద కనిపించిన చోటు మళ్ళీ కనిపించకూడదని నాకో పట్టింపు. దాన్ని ఇంట్లోకీ తెచ్చాను. మీ చెల్లెలు ఏటా "ఆ సరస్సుకి ఇంకొక్కసారి వెళ్దామండీ" అనేది. "చూసిందే మళ్ళీ ఎందుకు?" అని ఏటా కొత్త దేశం తిప్పాను. షూటింగ్ చేసిన ఊళ్ళన్నీ ఇప్పటికీ గడగడా చెబుతాను. ఆ సరస్సు దగ్గర షూటింగ్ లేదు, అందుకే ఊరి పేరు గుర్తులేదు.

అక్కడి నుంచి తను మీకో కార్డు రాసింది. దాచి ఉంటే, ఊరి పేరు చూసి పంపండి. మీ మోకాలి నొప్పి తగ్గిందా? అన్నయ్యగారు బీపీ మాత్రలు వేళకి వేసుకుంటున్నారా?

ఆ రోజు కార్డు అడుగున నన్నూ ఓ ముక్క రాయమంది. తీరిక లేదన్నాను. ఆ ముక్క ఇప్పుడు రాస్తున్నాను.

మీ మరిది
పాండురంగారావు