మా ఇంట్లో కాఫీ లేదు

అక్టోబర్ 14

గెలిచాడు. ఏ జెండా పట్టకుండా, ఏ కూటమి పంచనా చేరకుండా నా భర్త వాసిక్, సందు చివర మందుల కొట్టువాడు, బాగ్దాద్ సభకు పోతున్నాడు. వీధంతా కార్ల హారన్లు. అమ్మ రాలేదు. నేనే వెళ్లాను. తమ్ముడు అమ్జద్ ఫోటో కింద కూర్చుని ఉంది. సంతకం పెడతాడా అని ఒక్కటే అడిగింది. పెడతాడమ్మా అన్నాను.

వంతెన మీద నిరసనలో నిలబడ్డ నా తమ్ముణ్ణి కాల్పించిన అధికారి ఇప్పుడు మంత్రి. వాణ్ణి సభలో నిలబెట్టి ప్రశ్నించాలనే పిటిషన్ మీద తన పేరు ఉంటుందని, ఎవడొచ్చినా తీయనని వాసిక్ అమ్జద్ సమాధి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. అమ్మ ఓటు వేసింది వాసిక్‌కి కాదు, ఆ మాటకి.

నవంబర్ 9

ఇల్లు సత్రం అయింది. నిన్నటిదాకా పలకరించని వాళ్లు కూడా వాసిక్ అన్నా అంటూ చెప్పులు విప్పుతున్నారు. అల్లుడికి బదిలీ, కొడుకుకి పోలీసు ఉద్యోగం. కూటమి మనిషి ఒకడు కారు తాళాలు తెచ్చి, మీరు మాలో చేరక్కర్లేదు, ఊరికే తిరగండి చాలు అన్నాడు. వాసిక్ తాళాలు తిప్పి పంపాడు. నాకు గర్వంగా ఉంది, రాసుకుంటే తప్పేముంది.

ఈ రోజు నుంచి ఇంట్లో కాఫీ బంద్. ఆలోచన నాదే. మా వాళ్లలో వచ్చినవాడు కాఫీ కప్పు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. ఇంటివాడు తాగమన్నాడా, అడిగింది ఇచ్చేసినట్టే. అనకపోతే వంశం పరువు యూఫ్రటీస్‌లో కలిసినట్టే. టీకి ఈ పీడ లేదు. వాసిక్ పగలబడి నవ్వి, నిదాల్, నువ్వే పోటీ చేయాల్సింది అన్నాడు.

నవంబర్ 30

ఎంపీ గారింట్లో కాఫీ గింజలకి కూడా గతి లేదా అని ఎదురింటామె. గింజలున్నాయమ్మా, మీ ఆయన అడిగే కోరికలు తీర్చడానికే గతి లేదు అన్నాను. మాట్లాడటం మానేసింది. హాయిగా ఉంది.

జనవరి 19

పెట్టాడు. వాసిక్ సంతకం టీవీలో చూపించారు. అమ్మ లేచి వెళ్లి టీవీని ముద్దు పెట్టుకుంది.

ఫిబ్రవరి 6

ఫోన్ మోగితే మేడ మీదికి పోతున్నాడు. అడిగితే, బాగ్దాద్‌లో ఒంటరివాడికి గుమాస్తా కూడా లేచి నిలబడడు, నీకేం తెలుసు అన్నాడు. నాకు తెలీదు నిజమే. అయితే వచ్చి కొట్టు తెరువు, అక్కడ జనం లేచి నిలబడేవాళ్లుగా అన్నాను. ఒకప్పుడైతే నవ్వేవాడు.

ఆ పిటిషన్ మీద సరిగ్గా సరిపోయేన్ని సంతకాలే ఉన్నాయట. ఒక్కటి జారినా పడిపోతుందట. ఈ మాట అతనే చెప్పాడు, నా మొహం చూడకుండా.

ఫిబ్రవరి 18

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

వాసిక్ పెద్దనాన్న షేక్ శల్లాల్ వచ్చాడు, తెగ పెద్దలందరితో. వాళ్ల వెనకాల కూటమి మనిషి, తాళాలు తెచ్చినవాడే, తల వంచుకుని ఖర్జూరాలు తింటూ. నేను టీ పెట్టబోతున్నాను. పెరటి గుమ్మంలోంచి అమ్మ వచ్చింది, చేతిలో తన ఇత్తడి కాఫీ కూజా. పెద్దాయనకి టీ ఇస్తే పుట్టింటివాళ్లకి సిగ్గుచేటు, తప్పుకో అంది. నేను నోరు తెరిచేలోగా కూజా మగవాళ్ల గదిలోకి వెళ్లిపోయింది.

తెర పక్క నుంచి చూశాను. షేక్ కప్పు తీసుకున్నాడు. నేల మీద పెట్టాడు. ఒరేయ్ అబ్బాయీ, నీ పేరు ఆ కాగితం మీంచి తీసెయ్, ఇది నా గడ్డం పరువు పెట్టి అడుగుతున్నాను అన్నాడు.

వాసిక్ పెనుగులాడతాడనుకున్నాను. కనీసం చెమట పడుతుందనుకున్నాను. తాగు పెద్దనాన్నా, చల్లారిపోతోంది అన్నాడు, అన్నం వడ్డించమన్నంత మామూలుగా.

అమ్మ నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. తన చేతి కాఫీ వాళ్లు తాగడం చూసింది.

ఫిబ్రవరి 20

పిటిషన్ పడిపోయింది.

ఫిబ్రవరి 21

నేను ఇప్పటికీ స్వతంత్రుణ్ణే, ఏ పార్టీలోనూ చేరలేదు, పెద్దనాన్న మాట కాదనలేకపోయాను, అది రాజకీయం కాదు అంటాడు వాసిక్. కాఫీ తెచ్చింది ఎవరు, నేనా, మీ అమ్మా అంటాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. చేతిలో ఉన్న పళ్లెం నేలకేసి కొట్టాను. అతను ముక్కలు దాటుకుంటూ ఫోన్ పట్టుకుని మేడెక్కాడు.

ఫిబ్రవరి 25

అమ్మ మూడు రోజులుగా తిండి ముట్టలేదని వెళ్లాను. నీ తప్పు కాదమ్మా, నీకు గుర్తు లేకపోయింది అన్నాను. గుర్తుంది అంది. మీ ఇంట్లో కాఫీ లేదని తెలుసు, అందుకే మొదట తేనన్నాను, అతనే వినలేదు అంది.

ఎవరు వినలేదు అన్నాను.

వాసిక్. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేశాడట. అత్తా, పెద్దనాన్న వస్తున్నాడు, ఊరికే చూడ్డానికే, కోరికలేమీ లేవు, నీ చేతి కాఫీ అంటే ఆయనకి ప్రాణం, నిదాల్‌కి చెప్పొద్దు, గొడవ చేస్తుంది అన్నాడట.

అంటే ముందే లొంగిపోయాడు. కాదనడానికి వీల్లేని చోటు వెతుక్కుని, అక్కడికి తనే నడిచి వెళ్లాడు. ఆ చోటికి దారి చూపించింది నేనే, కాఫీ బంద్ అన్న రోజున. పైగా చంపినవాణ్ణి కాపాడే కాఫీ చచ్చినవాడి తల్లి చేత కాయించాడు. ఇంత అసహ్యం ఆ మంత్రి మీద కూడా నాకు ఎప్పుడూ కలగలేదు.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. చెప్పాను. ఆమె కూజా కడిగి పెట్టి, గింజలు వేయించడానికి లేచింది.

మార్చి 4

గది నిండా మగవాళ్లు, షేక్‌తో సహా. అమ్మ కూజా పట్టుకుని తిన్నగా లోపలికి నడిచింది. ఆడదానివి, ఇక్కడికేమిటి అన్నారెవరో. వినలేదు. అతిథులు కూర్చునే వైపు, షేక్ పక్కన కూర్చుంది. తనే ఒక కప్పు వంపుకుని, వాసిక్ ముందు నేల మీద పెట్టింది. ఆ కాగితం మళ్లీ రాయించు, మొదటి పేరు నీది పెట్టు అంది.

షేక్ ఒక్కసారి కప్పు వంక చూసి తల దించుకున్నాడు. అందరూ వాసిక్ నోటి వంక చూస్తున్నారు.

ఫోన్ మోగింది. తాగమనకుండానే వాసిక్ లేచి మేడెక్కాడు.

మార్చి 11

అతను బాగ్దాద్‌లో ఉన్నాడు. కప్పు నేల మీదే ఉంది. దాని చుట్టూ ఊడుస్తున్నాను.