ఎంగిలి

కోరుట్ల,
అక్టోబరు 2011

నాయినకు నీ అఖిల వందనాలు.

ఫోన్లో చెప్పే మాట కాదిది. నువ్వు బట్ట నేసే సాంచల చప్పుడులో నీకు వినిపించదు, ఇక్కడ చెబితే పక్క గదిలో అత్తమ్మకు వినిపిస్తుంది. సకల జనుల సమ్మెకు బస్సు చక్రం కదలడం లేదు కనుక, బండి మీద సిరిసిల్లకు వస్తున్న గంగయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అత్తమ్మకు పక్షవాతం వచ్చి నెల దాటింది. మింగడం కష్టమైంది. మందులకో ఏమో నాలుక ఎండి పగుళ్లిచ్చింది. జగిత్యాల డాక్టరమ్మ చూసి, "ఉమ్మి అంటే అసయ్యపడతం గని, నోటిని కడిగేది, కాపాడేది గదే. ఈమెకు ఉమ్మి ఊరుతలేదు. పండ్ల సందున మెతుకులు, క్రిములు నిలిచిపోతున్నయి. గా మురికి ఊపిరితిత్తులల్లకు దిగితే నిమోనియా అయితది, పానం మీదికొస్తది" అంది. పొద్దున, రాత్రి కూర్చోబెట్టి, తడిపి పిండిన మెత్తటి గుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవమంది.

మా ఆయన ఉన్నన్ని రోజులు ఆయనే తుడిచాడు. కండక్టరు కదా, సమ్మెలో ముందుంటాడు. మొన్న రాస్తారోకోలో పోలీసులు పట్టుకుపోయి జగిత్యాలలోనే ఉంచారు. ఇక మిగిలింది నేను. నా చెయ్యి దగ్గరికి రాగానే అత్తమ్మ పండ్లు బిగబడుతుంది. ఒళ్లు పడిపోయినా ఆ పట్టు మాత్రం పోలేదు నాయినా! బతిమాలితే, "నీ చెయ్యి నా నోట్లెందుకు?" అని ముద్దముద్దగా అని మొహం తిప్పుకుంది.

నీకెప్పుడూ చెప్పలేదు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నా గ్లాసు వేరు. గూట్లో ఉంటుంది, నేనే కడుక్కోవాలి. మన పుట్టుక వాళ్లకు తక్కువ కదా, నా ఎంగిలి తగిలితే ఇల్లు మైలపడుతుందట. నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు ఆ గ్లాసుతోనే నీకు నీళ్లిచ్చారు. నువ్వు అది తీసిన గూడు వైపు చూసి, దాహం లేదన్నావు. ఎండన పడి వచ్చిన మనిషికి దాహం లేకపోవడమేంది? ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఇవాళ ఆమెకు ఒళ్లు కాలుతోంది. తుడవకపోతే బతకదు, తుడవనివ్వదు. ఏదన్నా అయితే లోకం నన్నే అంటుంది. ఇక నా వల్ల కాదు. బస్సు కదిలిన రోజు నేను వచ్చేస్తాను. మళ్లీ పొమ్మనకు.

నీ బిడ్డ
అఖిల

కోరుట్ల,
నవంబరు 2011

నాయినా,

ఆ ఉత్తరం పంపిన మర్నాడే అత్తమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, తడిగుడ్డ పెదాలకు ఆనించాను. తెరవదు! అప్పుడే పక్కింటి పోచవ్వ లోపలికొచ్చి, చూసి, అత్తమ్మను పేరు పెట్టి పిలుస్తూ గుండెలు బాదుకుంది. "అయ్యో రాధమ్మా! నోట్ల తులసి నీళ్లు పోస్తున్నరా! పోతివా వదినె!"

అత్తమ్మకు పోచవ్వ మీద ఎక్కడలేని కోపం వచ్చింది. "నేను సావలే! దీని నోట్ల మన్నువడ!" అని నోరంతా తెరిచింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సావొద్దంటే నోరు తెరువు అత్తమ్మా. బతికినంక నన్ను ఎంతన్న తిట్టు" అన్నాను గట్టిగానే. మళ్లీ మూసిన నోరు ఈసారి తనే తెరిచింది. ఆ పూటే ఆటోలో జగిత్యాల తీసుకుపోయి సూదులు వేయించాను. జ్వరం దిగింది.

ఆయన విడుదలై ఇంటికొచ్చి గుడ్డ అందుకుంటే, "అఖిలను పిలువు" అంది.

నిన్న పొద్దున తుడుస్తుంటే ఆమె పెదవి చివర నుంచి ఉమ్మి నా మణికట్టు మీదికి జారింది. ఎండిన నోట్లో తడి ఊరిందని నాకు ఎంత సంతోషమో! అత్తమ్మ మాత్రం సిగ్గుతో ముడుచుకుపోయింది. బాగున్న చేత్తో కొంగు లాక్కుని నా చెయ్యి తుడుస్తూ, "నా ఎంగిలి అంటింది. కడుక్కో బిడ్డా" అంది.

బిడ్డా అనడం ఇదే మొదలు. చెయ్యి కడుక్కున్నాను, డాక్టరమ్మ కడుక్కోమంది కాబట్టి. అంతే.

బస్సులు నడుస్తున్నాయి. నేను రావడం లేదు, నువ్వే రా. గుడ్డ ముంచే నీళ్లకు గూట్లో ఉన్న నా గ్లాసే తెమ్మంది అత్తమ్మ. ఇప్పుడది ఆమె తలాపున ఉంటోంది. నాకంటూ వేరే గ్లాసు లేదు, అందరి గ్లాసులతోనే తాగుతున్నాను. ఈసారి వచ్చినప్పుడు దాహమైతే, అయిందనే చెప్పు నాయినా.

నీ
అఖిల