గురువారం పదకొండు గంటల కరెంటు

కరెంటు ఇంజనీరు గారికి,

గురువారం పదకొండుకు హైటెక్ సిటీ కంపెనీవారు మా ఇంటికి వస్తున్నారు. మా అమ్మాయి భానుశ్రీ జావా అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం చూస్తారు. నచ్చితేనే ఉద్యోగం. దాన్ని నడిపేది వెబ్ సర్వర్ అనే మరో ప్రోగ్రాం. అది కాచుకుని ఉండి, అడిగినవారికల్లా పేజీ అందిస్తుంది. కరెంటు పోతే ఆగిపోతుంది.

పది రోజులుగా మా వీధిలో సరిగ్గా పదకొండుకే కరెంటు పోతోంది. వేళలు రాసి జతచేశాను. లైన్‌మన్ మొగిలి గారిని అడిగితే, "నా చేతుల ఏముందమ్మా, పైనోళ్లనడుగు" అన్నారు. మీ ఆఫీసుకు ఏడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. వేళ మార్చమని కంపెనీవారిని అడిగే ధైర్యం మాకు లేదు.

కరెంటు వచ్చాక సర్వర్‌ను నాలుగు నిమిషాల్లో మళ్లీ నడిపించడం అమ్మాయి నేర్చుకుంది. కానీ కరెంటు వచ్చేది పన్నెండుకు. అంతసేపు వాళ్లు కూర్చోరండి.

ఇట్లు,
భానుశ్రీ తల్లి