ఇంకా రాని పన్నెండో పడవ

ఉదయగిరి, ఆదివారం రాత్రి

సముద్రం ఒడ్డున ఉండిన మా పాలెం చరిత్రను లోకానికి అందించే మహత్కార్యానికి ఈరోజు శ్రీకారం చుట్టాను. ఏ రికార్డులోనూ పేరులేని పాలెం అది. తుఫాను తర్వాత అందరూ తలో దిక్కుకు పోతే, మా వాళ్లు ఈ కొండ కిందికి వచ్చారు. అక్కడి ఇళ్ల వరస ఇప్పుడు మా అవ్వ ఒక్కదానికే తెలుసు. ఆమెకు మతిమరుపు ముదురుతోంది గనుక ఈ చరిత్రకారుడు తొందరపడ్డాడు.

"ఏందిరా ఆ పుస్తకం, ఓట్లు రాసుకుంటా ఉండావా?" అని నవ్వింది మధ్యాహ్నం.

ఇసుకలో పడవలు నిలిపిన వరసలోనే ఇళ్లు చెప్పింది. అక్కడ మనిషికి ఇంటిపేరు కాదు, పడవే గుర్తు. పదకొండు రాశాను. పన్నెండోది మాది. అవ్వ ఆగి, నా మొహంలోకి చూసింది.

"నువ్వు ఎవురి పడవోడివి అబ్బయా?"

బీకాం ఫస్ట్ క్లాసువాణ్ణని చెప్పి లాభం లేదు. తాత పేరు చెప్పాను. ఆ తుఫానులో వేటకు వెళ్లి తిరిగిరాని తాత.

"ఆ పడవ ఇంకా రాలా," అంది తూర్పుకేసి చూస్తూ. "అప్పుడే రాయబాక."

రాయలేదు. పన్నెండు అని అంకె వేసి, పక్కన ఖాళీ వదిలాను.

అవ్వ నిద్రపోయింది. ఇంట్లో మేమిద్దరమే. రేపు పొద్దున నేనెవరినో మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలేమో…