నువ్వు పంపిన పిడికెడు మట్టి

మస్కట్,
10-4-83.

ప్రియమైన అమ్మకు,

నీ ప్రకాశం వందనాలు. ఒళ్ళు హూనమైందే తప్ప నేను క్షేమంగానే ఉన్నాను. కొత్తపేటలో నువ్వూ చెల్లీ ప్రభువు కృప వల్ల బాగున్నారని తలుస్తున్నాను.

అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ ఉత్తరం నిండా తిడతావు. వేళకు తింటున్నాను. చేపలు దొరుకుతాయి గానీ పులుసు నీకు కుదిరినట్టు నాకు కుదరదు. చెల్లి ఇందిర చేత ట్రైనింగ్ మాన్పించకు, సంబంధాలు ఎక్కడికీ పోవు. నాన్న సమాధి దగ్గర తీసిన మట్టిని సూర్యారావు గారు భద్రంగా తెచ్చి ఇచ్చారు. ఈస్టర్ రోజున మీరక్కడ నాన్నకు కొవ్వొత్తి వెలిగిస్తే, ఇక్కడ నేను కొండ మీద అన్నయ్య సమాధి దగ్గర వెలిగించి ఆ మట్టి వేయాలన్నావు. సెలవు పెట్టి వెళ్ళాను. వారమైనా కాళ్ళు నా మాట వినడం లేదు.

కొండ మీది టవరుకు నీళ్ళు తోలే గంగరాజు గారు, మన ఆలమూరు ఆయనే, తన బండిలో ఎక్కించుకున్నారు. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి సరిపోయింది. అది రోడ్డు కాదమ్మా, బండరాళ్ళు. ఒక మలుపులో ఆయన బండి నెమ్మది చేసి తలగుడ్డ తీశారు. అన్నయ్య జీపు పడిపోయింది అక్కడేనని అర్థమైంది.

కొంత దూరం పోయాక ఆపేశారు. "ఆయ్, టవరుకెళ్ళే దారి ఇటు తిరిగిపోద్దండి, అటు బండెక్కదండీ. మీ అన్నయ్యగారోళ్ళ పాత క్యాంపు ఆ పైనుందండి, నడిచెళ్ళాలండి. ఆయాసమొస్తే కూర్చోండి, సిగ్గు పడకండి" అన్నారు.

కొబ్బరిచెట్లు ఎక్కినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. చెట్టునైతే వాటేసుకోవచ్చు, కొండను ఎక్కడ పట్టుకుంటాం? నాలుగడుగులు వేయడం, కూలబడడం. ఇదే శిఖరం అనుకుని ఎక్కితే వెనక ఇంకొకటి. ఒకచోట అన్నయ్య మీద కోపం వచ్చింది, చచ్చిపోవడానికి ఇంత ఎత్తుకు రావాలా అని. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను.

వానకు దారి కొట్టుకుపోయి, శవాలను దించలేక పైనే పాతిపెట్టారని నీకు తెలుసు. పాతిపెట్టడం మాటకే. మన దగ్గర కాస్త తవ్వితే నీళ్ళు పడతాయి, అక్కడ గునపమే దిగదు. మట్టన్నది లేదు. మనుషుల మీద రాళ్ళు పేర్చారు.

ఇంతసేపూ మాట తప్పిస్తూ వచ్చాను, ఇక చెప్పాలి. అక్కడ మూడు గుట్టలున్నాయి, ఆ జీపులో పోయిన ముగ్గురివీ. పేర్లు రాసిన చెక్కలు లేవు. కిందికి వచ్చి అడిగితే, "నేను పన్లో చేరేసరికే లేవండి. చలికి మేకలోళ్ళు కాల్చేసుంటారండి" అన్నారు గంగరాజు గారు. అన్నయ్యది ఏదో నాకు తెలియలేదమ్మా. పొడవు చూశాను, రాళ్ళు తడిమాను. పిచ్చివాడిలా "దానియేలన్నయ్యా" అని పిలిచాను కూడా. కొవ్వొత్తి గాలికి నిలవలేదు.

ఒకదాని మీద మట్టంతా పోసి, అన్నయ్య మీద వేశానని రాస్తే నీ మనసు కుదుటపడేది. చేతులు రాలేదు. మూడు వంతులు చేసి మూడింటి మీదా వేశాను. మిగతా ఇద్దరిలో ఒకరిది కేరళట, ఒకరిది పాకిస్తానట. వాళ్ళ అమ్మలు కూడా ఎవరినో ఒకరిని బతిమాలుతూనే ఉంటారు.

నాన్న మట్టి పరాయివాళ్ళ మీద వేశానని కోపం వస్తే తిట్టు, పడతాను. మళ్ళీ ఆ కొండ ఎక్కే ఓపిక నాకు లేదు. అయినా వచ్చే ఈస్టరుకు ఎక్కుతాను. ఈసారి పంపేటప్పుడు మూడు పొట్లాలు కట్టు.

ఇట్లు,
నీకు మిగిలిన కొడుకు,
ప్రకాశం